ఎవరూ లేరని చెప్పాలి

ఆ ఎండాకాలం నాకు రెండే పనులు. పొద్దున బెజవాడ రోడ్డు మూసేయడం, సాయంత్రం ముసలివాళ్ళకు అబద్ధం నేర్పడం. రెండూ మంచి ఊపుమీద సాగాయి.

అరవై తొమ్మిదో సంవత్సరం అది. హైదరాబాదంతా జై తెలంగాణ అంటూ రోడ్ల మీదికి వచ్చింది. బడులు మూత, కాలేజీలు మూత, రోజుకో బందు. మాది గడ్డిఅన్నారం పక్కన, చర్చి వెనక బస్తీ. దిల్‌సుఖ్‌నగర్ దాటితే అప్పట్లో ఇన్ని మేడలు లేవు. ఇప్పుడు ఎల్బీనగర్ అంటున్న చోటుదాకా ద్రాక్షతోటలే. ఆ తోటల్లో బుట్టలు కట్టే కూలీని నేను. బడికి పోలేదు. బుట్టల్లో పండ్ల కింద పరిచే పాత పేపర్లే నా బడి. అందుకని నాకు తెలిసే వార్తలన్నీ పాతవి. కోపం మాత్రం ఏ రోజుకారోజు తాజాది.

ఆ పాత పేపర్లలోనే ఒకనాడు ముసలివాళ్ళ పింఛను సంగతి కనపడింది. వయసు మళ్ళినవాళ్ళకు సర్కారు నెలనెలా పింఛను ఇస్తుందట. ఎన్నో ఏళ్ళుగా ఇస్తోందట! మా బస్తీలో ఒక్క ప్రాణికి తెలియదు. నాకు ఒళ్ళు మండింది. చేతిలో బుట్ట అక్కడే పడేసి తహసీలు ఆఫీసుకు పోయి అరిచాను. అక్కడి గుమాస్తా తల కూడా ఎత్తకుండా చెప్పాడు: "దిక్కులేనోళ్ళకే ఇస్తరు. కొడుకులు, మనుమలు ఉన్నోళ్ళకు రాదు. గిర్దావర్ సాబ్ ఇంటికొచ్చి అడుగుతడు. ఎవ్వరు లేరని తేలాలె." గిర్దావరంటే విచారణకు వచ్చే రెవెన్యూ ఉద్యోగి.

కొడుకు ఉన్నాడా అని అడుగుతుంది గానీ, ఆ కొడుక్కి కూలి దొరికిందా అని అడగదు ఆ రూలు. సరే, మీ రూలు మీది, మా నోరు మాది అనుకున్నాను.

తోటి ఉద్యమకారులకు చెప్తే నవ్వారు. "ఇంత పెద్ద లడాయిల ముసలోళ్ళ ముచ్చటేంది అన్నా?" అన్నాడు భిక్షపతి. వాడు మా బస్తీ కుర్రాడే, రాళ్ళు మోసే పని, రోడ్డు మూయడంలో నా కుడిభుజం. నేను వినలేదు. సాయంత్రం అయ్యేసరికి చర్చి వరండాలో ముసలివాళ్ళను వరసగా కూర్చోబెట్టి, క్రిస్మసు ముందు పిల్లలతో వాక్యాలు కంఠతా పట్టించినట్టు పట్టించాను.

"బాలమ్మా, నీకెవరున్నరు?"

"యేసయ్య ఉన్నడు."

"యేసయ్యను దీంట్లకు తేకు! కొడుకులున్నరా, మనుమలున్నరా అని అడుగుతడు గిర్దావర్. ఏమంటవ్?"

"ఎవ్వరు లేరు సారూ."

"జర ఏడుపు మొఖంతోని అను."

"పండ్లు లేని నోటితోని ఏడిస్తే నవ్వినట్టే ఉంటది గదరా!" అంది బాలమ్మ. వరండా అంతా గొల్లుమంది.

గోపయ్య వంతు వచ్చింది. భిక్షపతికి తాత ఆయన. "మావోడు పొద్దుమాపు నా కంచం పక్కనే తింటడు. వాన్ని ఏడ దాస్తవ్ రా ఇస్సాకూ?"

"గిర్దావర్ ఒచ్చేనాడు వాడు బందుకు రోడ్డు మీద ఉంటడు తాతా."

"అయితే నీ తెలంగాణ నాకు గిట్లన్న పనికొచ్చిందన్నమాట!"

అందరూ నేర్చుకున్నారు, ఎలీశమ్మ తప్ప. ఆమె వరండా చివర స్తంభానికి ఆనుకుని, ద్రాక్షగుత్తులు దిద్దే చిన్న కత్తెరను చీర కొంగుతో తుడుస్తూ కూర్చుంది. అసలు ఈ హంగామా అంతా ఎక్కువగా ఆమె కోసమే.

ఎలీశమ్మ నాకు రక్తసంబంధం కాదు. మా అమ్మ కలరాకు పోయిననాడు పక్క గుడిసెలోంచి వచ్చి నన్ను చంకనేసుకుని పోయింది, అంతే. పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. ఆమెకు పిల్లలు లేరు. తోటల్లో ఆమె చెయ్యి పడితే గుత్తి గుత్తిలా ఉండేది కాదు, ముత్యాల గొలుసులా వేలాడేది. ఒత్తుగా ఉన్న చోట చిన్న పండ్లు కత్తిరించి మిగతావాటికి జాగా ఇవ్వాలి. ఆ ఏడు ఆమె కళ్ళకు పొర కమ్మింది. చిన్న పండు అనుకుని గుత్తి తొడిమనే కత్తిరించింది. రేపటినుంచి రావద్దన్నారు.

మా చర్చి ఆడవాళ్ళు అన్నం వండే ముందు ఒక పిడికెడు బియ్యం దేవుడికని పక్కన తీస్తారు. శనివారం శనివారం ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం సంచిలో పోగు చేసేది ఎలీశమ్మే. ఆమెకు పని పోయాక, ఆ సంచి ఆమెనే ఉంచుకోమన్నాడు పాస్టరు. తీసుకుంది. నేరుగా పోయి బాలమ్మ కుండలో పోసింది. ఇంటికొచ్చి నీళ్ళు తాగి పడుకుంది. అట్లాంటి మనిషి.

నా దగ్గర ఉండొచ్చు కదా అంటారు. ఉండింది. నా పెళ్ళయిన ఏడాదికే పులుసులో చింతపండు దగ్గర నా భార్య రెబెక్కకూ ఆమెకూ చెడింది. మూట కట్టుకుని లైను చివర గుడిసెకు పోయింది. అప్పటినుంచి ఇద్దరూ ఒకే చర్చిలో చెరో మూల.

"అత్తకు పింఛను ఒస్తే అత్త ఇంట్ల అత్త రాణి, నా ఇంట్ల నేను రాణి," అనేది రెబెక్క. "రోడ్లు బందు పెట్టుడు గాదు, గది తెప్పియ్యి ముందుగాల."

నేను ఎలీశమ్మ పక్కన కూలబడ్డాను. "పెద్దమ్మా, ఒక్కపాలి అను. ఎవ్వరు లేరు. రెండే మాటలు."

"అట్ల అనొచ్చునా బిడ్డా?"

"అంటే ఏమైతది?"

ఆమె కత్తెర మూసి ఒళ్ళో పెట్టుకుంది. "నువ్వే అడుగుతున్నవ్ రా నన్ను," అంది. ముసలితనం చాదస్తం అనుకుని లేచి వచ్చేశాను.

ఇంతకీ గిర్దావరు రావాలి కదా. రెండుసార్లు బయలుదేరితే రెండుసార్లూ దిల్‌సుఖ్‌నగర్ దగ్గర మావాళ్ళే వెనక్కి తరిమారు. ఆయన పేరు శ్రీరామమూర్తి, కాకినాడ వైపు మనిషి. మలక్‌పేటలో కిరాయికి ఉండేవాడు. ఆఫీసులో నా అరుపులు విని విని నన్ను పేరుతోనే ఎరుగును. ఈ వారం దాటితే ఈ విడతకు మా బస్తీ లేనట్టే, మళ్ళీ ఎప్పుడో ఎవరికీ తెలియదు. నేను మూయించిన రోడ్డే నాకు అడ్డం! అందుకని ఆయన మూడోసారి బయలుదేరిన రోజు నేనే అడ్డంకి దగ్గర కాపు కాశాను. తిరగేసిన ఎడ్లబండ్లు, ఖాళీ ద్రాక్షబుట్టలు, మధ్యలో మనిషి పట్టేంత సందు, ఆ సందుకు అడ్డంగా భిక్షపతి చేతిలో వెదురుకట్టె.

ఎండ నడినెత్తికి రాకముందే వచ్చాడు ఆయన, సైకిలు మీద, హ్యాండిలుకు గొడుగు తగిలించుకుని.

"ఏడికి సారూ?" కట్టె అడ్డం పడింది.

"విచారణకండీ. గడ్డిఅన్నారం."

"జై తెలంగాణ అను. ఇడుస్తం."

"అనకూడదండీ."

"ఎందుకనగూడదు? నోరు లేదా?"

"ప్రభుత్వోద్యోగినండీ. ఏ జై అయినా సరే, అనకూడదు."

చుట్టూ మూగినవాళ్ళు ఈలలు వేశారు. ముందుకు తోసుకుపోయాను. "సారూ, ఒక్క మాటనే గద! అనిపారేసి రండి. ఆడ ముసలోళ్ళు పొద్దటిసంది కూసున్నరు."

ఆయన సైకిలు దిగాడు. బక్కమనిషి, చొక్కా అంతా తడిసిపోయింది. "ఇస్సాకూ, మీరు కట్టె చూపించారని నేను అంటే దానికి విలువేముందయ్యా? నమ్మి అంటే అది వేరు. నమ్మకుండా అనిపించుకుని మీరు మాత్రం ఏం చేసుకుంటారు?"

జవాబు తట్టనప్పుడు నేను అరుస్తాను. భిక్షపతి వైపు తిరిగి అరిచాను. "జరుగురా! ఈ సారు మన ముసలోళ్ళ పింఛను కోసం ఒస్తున్నడు!"

"ఏ ముసలోళ్ళకు?"

"మన బస్తీల దిక్కులేనోళ్ళకు. ఎలీశమ్మ, బాలమ్మ, గోపయ్య..."

నాలుక కరుచుకున్నాను. ఆలస్యమైపోయింది.

"దిక్కులేనోడా?" భిక్షపతి మొహం ఎర్రబడింది. "మా తాత దిక్కులేనోడా? ఎవడన్నడు? నేను సచ్చిన్నా?"

వాడి కాలు తొక్కాను. కన్ను కొట్టాను. "ఆ గోపయ్య కాదురా, ఇంకో గోపయ్య."

"మన బస్తీల ఇంకో గోపయ్య ఏడున్నడే అన్నా?"

జనం విరగబడి నవ్వారు. నేను భయంభయంగా గిర్దావరు వైపు చూశాను. ఆయన తాపీగా గొడుగు విప్పి, ఎటో ద్రాక్షతోటల వైపు చూస్తూ, "ఈ ఎండకి నాకు చెవులు సరిగ్గా పనిచెయ్యవయ్యా," అన్నాడు.

అప్పుడు అర్థమైంది భిక్షపతికి. కట్టె ఎత్తాడు. ఆయన సైకిలు నడిపించుకుంటూ సందులోంచి దాటాడు. నేను వెనకాలే దూరబోతుంటే భిక్షపతి నా భుజం పట్టుకున్నాడు. గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"అన్నా, తాతతోని గా మాట అనిపిస్తున్నవా?"

"తెలంగాణ ఒచ్చినంక అనిపియ్యంలే," అని చెయ్యి విదిలించుకున్నాను.

వరండాలో అంతా సిద్ధం. బాగా నేర్చిందని బాలమ్మను మొదట పెట్టాను, తంటా తెస్తాడని గోపయ్యను చివర. గిర్దావరు బల్ల మీద కూర్చుని నా ఏర్పాటంతా ఒక్క ప్రశ్నతో కూలదోశాడు.

"అందరికంటే పెద్దావిడ ఎవరండీ?"

చేతులన్నీ ఎలీశమ్మ వైపు లేచాయి. నేను ఆయన వెనక నిలబడి ఆమెకు ఎదురుగా తల అడ్డంగా ఊపుతున్నాను, లేరు, లేరు, లేరు అని. పొర కమ్మిన కళ్ళకు నా తల కనపడుతుందా కనపడదా అన్నది కూడా ఆలోచించలేదు.

"వయసెంత మామ్మగారూ?"

"మూసీకి పెద్ద వరద ఒచ్చిన ఏడు నాకు చీర కట్టిన్రు సారూ. ఏ ఏడో నువ్వు సదువుకున్నోనివి, నువ్వే జెప్పు."

ఆయన నా వైపు చూశాడు. "అరవై ఏళ్ళు దాటింది సారూ వరదొచ్చి," అన్నాను. ఆయన తలాడించాడు. ఇంక ఒక్క ప్రశ్నే మిగిలింది.

"మీకు కొడుకులు గానీ, మనవలు గానీ ఎవరన్నా ఉన్నారా?"

ఎలీశమ్మ గాలిలోకి మొహం తిప్పింది, ఎక్కడో పొయ్యి మీద వాసన పసిగడుతున్నట్టు.

"ఇస్సాకూ, ఏడున్నవ్ రా?"

"ఈడనే ఉన్న పెద్దమ్మా."

నోరు దానంతటదే అనేసింది. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఆ పిలుపుకు అదే జవాబు.

"ఇగో, వీడే," అంది ఎలీశమ్మ.

గిర్దావరు గొంతు సవరించుకున్నాడు. "ఈయన మీ కన్నకొడుకా?"

"కన్నది సచ్చిపోయింది పాపం. వీనికి పండ్లు మొలిచినప్పుడు నా ఏలు కొరికిండు. ఇగో సూడు." వేలు చాపింది. "ఎవ్వరు లేరని చెప్పుమన్నడు సారూ. మస్తు నేర్పిండు, వాని తప్పేం లేదు. నాకే రాలే. ముసలిదాన్ని, కొత్త పాఠం ఎక్కలే."

అంతలో బాలమ్మ కదిలింది.

"మరి నాక్కూడ ఎలీశమ్మ ఉన్నది సారూ. కుండ నిండుగ బియ్యం పోసింది. లేదంటే నా నోట్ల పురుగులు పడవా?"

"బాలమ్మా!" అరిచాను.

"నాకు మనుమడున్నడు!" చివర నుంచి గోపయ్య లేచి నిలబడ్డాడు. "రోడ్డు మీద కట్టె పట్టుకొని ఉంటడు. సూసిన్రా సారూ?"

"చూశానండీ. నా సైకిలుకి అడ్డం పెట్టింది ఆయనే."

"వాడే! వాడే!" గోపయ్య రొమ్ము విరిచాడు. పింఛను మంజూరైనంత సంబరం ఆయనకు.

ఇంక ఎవరాగుతారు? ఒకామెకు చెల్లెలి కొడుకు ఉన్నాడట. ఒకాయనకు పక్కింటి కోడలు గంజి పోస్తుందట. నాకున్నరంటే నాకున్నరని పోటీపడి చెప్తున్నారు. నేను నేర్పిందంతా ఒక్క గడియలో గంగలో కలిసింది. ఖాళీ బుట్ట ఒకటి కాలికి తగిలితే తన్నాను. అది దొర్లుకుంటూ పోయి గిర్దావరు సైకిలుకు కొట్టుకుంది.

"సారూ, ఉంటే ఆకలి కాదా? కూలి లేని కొడుకును కొరుక్కొని తింటరా వీళ్ళు?"

"ఎవరూ లేరంటేనే నేను ఇప్పించగలను ఇస్సాకూ. రూలు నేను రాయలేదు."

"రాసినోడు ఏడుంటడు?"

ఆయన బాలమ్మను అడిగి నీళ్ళు తెప్పించుకుని తాగాడు. చెంబు కింద పెట్టి, నాకు మాత్రమే చెప్తున్నట్టు చెప్పాడు. "ఏ ఊరికెళ్ళినా ఎవరూ లేరనే చెప్తారయ్యా నాకు. కొడుకు తలుపు వెనకాల నిలబడి వింటూ ఉంటాడు. నేనూ అదే రాసి పంపుతాను. మాకు ఉన్నారు, అయినా ఇవ్వండి అని అడిగినవాళ్ళని నా సర్వీసులో ఇవాళే చూశాను."

గొడుగు ముడుచుకుని వెళ్ళిపోయాడు.

నా బుర్రలో పటాకా పేలినట్టయింది. ఉన్నారు, అయినా ఇవ్వండి! ఎవడి దయా కాదు, దిక్కులేనితనానికి భిక్షా కాదు, ఒళ్ళు వంచి కష్టపడి ముసలైనందుకు ఇవ్వాలి! ఇన్నాళ్ళూ ఈ మాట నా నోట్లోకి ఎందుకు రాలేదు? చిన్న పండ్లు ఏరి పారేసినట్టు ఆ ఒక్క మాటకు జాగా ఇచ్చింది మా పెద్దమ్మ. ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగి చెప్పాను, రేపు అందరం తహసీలు ఆఫీసుకు నడుస్తున్నామని.

తెల్లారి తలుపు తీసేసరికి గడప ముందర రేకుపెట్టె, దాని మీద ఎలీశమ్మ. పక్కన గంప కింద రెండు కోళ్ళు.

"ఏంది అత్తా ఇది?" అంది రెబెక్క.

"నిన్న సర్కారు ముంగట కొడుకున్నడని చెప్పిన. మల్ల నా గుడిసెల నేనొక్కదాన్నే పండుకుంటే సర్కారుకు అబద్ధం ఆడినట్టే గదనే."

రెబెక్క నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"మరి కోళ్ళెందుకు?"

"కోళ్ళ సంగతి సర్కారుకు చెప్పలే. వాటిని బయటనే ఉంచు."

రెబెక్క కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందేమోనని నాకు భయమేసింది. కాదు, నవ్వు. కాసేపటికి కొంగు తీసి, మొహం కఠినంగా పెట్టి అంది. "పులుసుల చింతపండు నేనే ఏస్త. ముందే చెప్తున్న."

"ఏసుకో. ఉప్పు నాది."

"ఉప్పు నీదే."

రెబెక్క రేకుపెట్టె ఎత్తి లోపల పెట్టింది. నేను ఎన్ని సంధి చర్చల గురించి పేపర్లో చదివానో! ఇంత తొందరగా తెమిలింది ఒక్కటీ లేదు.

అదే పొద్దున నడిచాం. పింఛను ఆ ఎండాకాలం రాలేదని ఇక్కడే చెప్పేస్తున్నాను, చివరిదాకా దాచి ఊరించడం నాకు చేతకాదు. కానీ ఆ నడక చూడాల్సింది మీరు! ముందు ఎలీశమ్మ, దారి కనపడదని ఆమె చెయ్యి పట్టుకుని రెబెక్క. వెనకాల బాలమ్మ, గోపయ్య, చర్చి వరండా మొత్తం. నేను నినాదం అందుకున్నాను.

"మాకు అందరున్నరు!"

"పింఛనియ్యి!" పళ్ళులేని నోళ్ళన్నీ ఒక్కసారే.

దిల్‌సుఖ్‌నగర్ అడ్డంకి దగ్గర భిక్షపతి బిత్తరపోయి నిలబడ్డాడు. గోపయ్య తిన్నగా వాడి దగ్గరికి పోయి చెయ్యి చాపాడు. "ఆ కట్టె ఇటియ్యి. నడువరాక సస్తున్న."

"తాతా, కట్టె తీస్తే బందెట్ల?"

"మేమంత రోడ్డు మీద నడుస్తుంటే ఏ బండి పోతదిరా పిచ్చోడా?"

నిజమే. మా వెనక ఒక జీపు, రెండు లారీలు, ఒక ద్రాక్షబండి ఎద్దు నడకలో వస్తున్నాయి. ఒక్కడూ హారన్ కొట్టలేదు. అంత గట్టి బందు ఆ ఎండాకాలం మొత్తంలో మేం ఒక్కటీ చెయ్యలేకపోయాం. భిక్షపతి కట్టె తాత చేతికిచ్చి, తానూ పక్కన చేరాడు. మలక్‌పేట దాకా గొంతులు బొంగురుపోయేలా అరిచాం. దుకాణాల వాళ్ళు అరుగుల మీదికొచ్చి చూశారు. ఎవరో కుండతో నీళ్ళు పెట్టారు. ఎవరో మాతో నడిచారు.

తహసీలు ఆఫీసు గేటు ముందు ఆగాం. లోపలి నుంచి పెద్దాఫీసరు వరండాలోకి వచ్చాడు, ఆయన వెనక శ్రీరామమూర్తి. పెద్దాఫీసరు చికాగ్గా మమ్మల్ని చూసి ఆయన్ను అడగడం మాకందరికీ వినపడింది.

"ఎవరయ్యా వీళ్ళంతా? దిక్కులేనివాళ్ళా?"

"కాదండీ. దిక్కున్నవాళ్ళు."

ఎలీశమ్మ చెవి అటు తిప్పింది. "ఏమన్నడే గిర్దావర్? నాకు సక్కగ ఇనపడలే."

వినపడింది ఆమెకు. కళ్ళకే గానీ చెవులకు ఏ పొరా లేదని బస్తీలో అందరికీ తెలుసు. రెబెక్కకు ఇంకా బాగా తెలుసు. అయినా అత్త చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆఫీసు కిటికీలన్నిటికీ వినపడేట్టు గిర్దావరు మాటే మళ్ళీ చెప్పింది.